ఎవరి మాట వారి పేరుతోనే

పాతబస్తీ షిబ్లీగంజ్‌లో ఉన్న జామియా నిజామియా విద్యాసంస్థను నెలకొల్పిన మౌలానా అన్వారుల్లా ఫారూఖీ, ఇమాదుల్ ముల్క్‌గా పేరొందిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. ఈ ముగ్గురూ పూనుకోగా, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో 1888లో హైదరాబాద్‌లో దాయిరతుల్ మఆరిఫ్ పుట్టింది. దేశదేశాల గ్రంథాలయాల్లో మగ్గుతున్న అరబ్బీ రాతప్రతులను వెదికి, సరిచూసి, అచ్చు వేయడమే దాని పని. ప్రస్తుతం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ఈ సంస్థ పేరు మన ఊళ్లోనే చాలామంది విని ఉండరు. అరబ్బీ విజ్ఞాన చరిత్ర చదివేవారికి మాత్రం, వారు ఏ దేశంలో ఉన్నా, హైదరాబాద్ ముద్రణ అంటే బాగా తెలుసు.

ఈ సంస్థ వేసిన పుస్తకాల్లో 'అల్ హావీ' గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1955లో మొదటి భాగం వచ్చింది. మొత్తం 23 భాగాలు పూర్తయ్యేసరికి పదిహేనేళ్లు దాటింది. ఇదొక వైద్య విజ్ఞాన సర్వస్వం. పదో శతాబ్ది తొలినాళ్లలో కన్నుమూసిన పారశీక వైద్యుడు అబూ బకర్ అల్ రాజీ జీవితమంతా రాసిపెట్టుకున్న విషయాలను, ఆయన పోయాక శిష్యులు గ్రంథంగా కూర్చారు. 1279లో సిసిలీ రాజు కోసం లాటిన్‌లోకి అనువాదమైంది. 1486లో ఇటలీలోని బ్రెషియాలో అచ్చయింది. యూరప్ వైద్యులు తరతరాలు దాన్ని ప్రమాణంగా చూశారు.

ఆ ప్రామాణికత ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకం బరువు నుంచి కాదు. అల్ రాజీ ఒక రోగం గురించి రాసేటప్పుడు ప్రాచీన గ్రీకు వైద్యుల్లో గాలెన్ ఏమన్నాడో గాలెన్ పేరుతో, హిపోక్రటీస్ ఏమన్నాడో అతని పేరుతో పెడతాడు. మన చరకుడు, సుశ్రుతుడు కూడా ఆ పుటల్లో తమ పేర్లతోనే కనిపిస్తారు. చివర తాను స్వయంగా గమనించింది ఉంటే, అది తన మాట అని విడిగా గుర్తు పెడతాడు. పెద్దల మాటను ఇంత శ్రద్ధగా పోగుచేసిన ఈ మనిషే, గాలెన్ చెప్పినవాటి మీద తన సందేహాలన్నీ ఏకరువు పెడుతూ మరో గ్రంథం రాశాడు. గౌరవానికీ ప్రశ్నకూ మధ్య ఆయన అడ్డుగోడ కట్టలేదు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే.

హైదరాబాద్ పరిష్కర్తలూ ఆ పద్ధతికి తగినవారే. స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయం రాతప్రతి వారికి ముఖ్య ఆధారం. అరబ్బీ లిపిలో ఒక చుక్క చెరిగితే అక్షరమే మారిపోతుంది. మందు పేరులో అక్షరం మారితే మందే మారుతుంది. అందుకే ప్రతులు పక్కపక్కన పెట్టుకుని చూసి, తేడా వచ్చినచోట పుట అడుగున పాఠభేదం చూపడం అవసరమైంది. కంటికి ఆనని ఆ చిన్న అక్షరాల వెనక ఎంత ఓపిక ఉందో తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తెలుగులో విజ్ఞాన సర్వస్వం కూర్చే యజ్ఞం తలపెట్టింది కొమర్రాజు లక్ష్మణరావు. 1906లో హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనలో పాలుపంచుకున్న ఆయన, తర్వాత మద్రాసు నుంచి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. 'అ' అక్షరం దాటకముందే 1923లో పోయారు. కాశీనాథుని నాగేశ్వరరావు మళ్లీ అందుకున్నారు. ఆయనా 1938లో కన్నుమూశారు.

అల్ హావీ భాగాలు ఒకటొకటిగా అచ్చవుతున్న రోజుల్లోనే, ఇదే నగరంలో, ఖండవల్లి లక్ష్మీరంజనం ప్రధాన సంపాదకత్వంలో సంగ్రహాంధ్ర విజ్ఞానకోశం సంపుటాలు వెలువడసాగాయి. ఈ రెండు పనులూ ఒకే ఊళ్లో సాగాయని మనం ఎక్కడా చెప్పుకోం. ఆ కోశంలోని జనాభా లెక్కలు, జిల్లాల వివరాలు ఈనాటికి చెల్లవు. కానీ వ్యాసం చివర రాసినవారి పొడి అక్షరాలు ఉంటాయి. ఆ మాట ఎవరిదో, ఏ కాలం నాటిదో ఇప్పటికీ పట్టుకోవచ్చు, కాదనీ అనవచ్చు.