బాణీ ఎవరిది?

తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాల సాయంకాలం పద్మసరోవరం గట్టున కాసేపు కూర్చుంటే అన్నమయ్య పాట ఒకటైనా చెవిన పడక మానదు. మైకులో ఎవరో పాడుతుంటారు, మెట్లమీది అవ్వలు పెదవులు కదుపుతుంటారు. అయిదువందల యేండ్లుగా అమ్మవారి ముంగిట ఇదే బాణీ సాగివస్తున్నదని మనకొక నమ్మకం. నిజానికి ఆ బాణీలలో చాలావాటి వయస్సు ఏభై యేండ్లకు అటూ ఇటూ మాత్రమే.

ఐర్లండు రాజధాని డబ్లినులో 1976లో బడిపిల్లలు కట్టుకొన్న యూటూ అనే రాక్ మేళం చరిత్ర మన యువకులలో కొందరికి కొట్టినపిండి. ఏ ఆల్బం ఏ యేడు వెలువడినదో తడుముకోకుండా చెప్పగలరు. ఆ మేళం 2019 డిసెంబరులో ముంబయికి వచ్చి పాడింది కూడా. దానికి రెండేండ్లు మాత్రమే చిన్నది మన తిరుపతి మేళమొకటి ఉన్నది. దాని చరిత్ర చెప్పమంటే మనలో ఎందరు చెప్పగలరు? 1978లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు నెలకొల్పిన అన్నమాచార్య ప్రాజెక్టు సంగతే నేను చెబుతున్నది.

దానికి ముందుకథ కొంత ఉన్నది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారపు రాగిరేకులు రెండువేలకు పైబడినవి. ఆ రేకులమీద పాట ఉన్నది, పాటపైన రాగం పేరున్నది. స్వరం మాత్రం లేదు. సామంతం, గుండక్రియ, దేసాళం అని పేరు చదువుకోవచ్చు గాని, అన్నమయ్య గొంతులో ఆ పాట ఎలా నడిచినదో రేకు చెప్పదు. గాయకపరంపర నడుమ తెగిపోయింది. సాహిత్యం దొరికిన తరువాత కూడా ఈ పాటలు చాలాకాలం పండితుల బల్లమీది పుస్తకాలుగానే ఉండిపోవడానికి కారణమిదే.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కాలంచేశాక ఈ పని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి చేతికి వచ్చింది. ఇది మన అదృష్టమనే చెప్పాలి. పాఠపరిష్కరణ తెలిసినవారికి సంగీతం రాదు, సంగీతం వచ్చినవారికి ప్రాచీన భాష తెలియదు. శర్మగారికి రెండూ వచ్చు. ఆయన పాటలను పరిష్కరించడమే గాక, కొన్నింటికి తానే స్వరరచన చేసి ప్రకటించారు. పాట రేకు దిగి తంబూరా దగ్గరకు వచ్చింది అప్పుడే. ఆయన 1979లో కన్నుమూశారు.

ఆ సరికి ప్రాజెక్టు పుట్టింది. అందులో తొలినాళ్లలోనే చేరినవాడు రాజమండ్రిలో 1948లో పుట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్. నేదునూరి కృష్ణమూర్తిగారి శిష్యుడు, సినీగాయని ఎస్. జానకికి బంధువు. 2006 దాకా ప్రాజెక్టులో పనిచేసి, ఆరువందలకు పైగా సంకీర్తనలకు బాణీలు కట్టాడు. వాటిలో కచేరీ చేయగల విద్వాంసుడికి తగినవి ఉన్నవి. సంగీతం రాని పదిమంది కలిసి భజనగా పాడుకోగలిగినవీ ఉన్నవి. నా మట్టుకు ఈ రెండవ రకమే గొప్పది. ‘వినరో భాగ్యము’ ఆయన కట్టిన బాణీయే. నేర్పేవారు లేకుండానే అది ఊళ్లు తిరిగింది.

గురువుగారి వాటా తక్కువదేమీ కాదు. ‘నానాటి బ్రతుకు’కు రేవతి రాగం నేదునూరివారు చేసిన ఎంపిక. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల రికార్డులు అన్నమయ్యను తెలుగు తెలియని ఇండ్లకు కూడా చేర్చాయి. మన వాయల్పాడు బిడ్డ శోభారాజు 1983లో హైదరాబాదులో అన్నమాచార్య భావనావాహిని స్థాపించారు. ఇక 1997లో ‘అన్నమయ్య’ సినిమా వచ్చాక చెప్పవలసినదేమున్నది!

చిక్కు ఇక్కడే వచ్చింది. బాణీ ఎంత బాగా అతికితే దాన్ని కట్టినవాడు అంతగా మరుగునపడ్డాడు. యూటూ పాటకు స్వరకర్త ఎవరన్న సందేహం ఎవరికీ రాదు. ఇక్కడ పాట అన్నమయ్యది గనుక బాణీ కూడా ఆయనదే అనుకొంటాము. భక్తికి ఇది చాలునేమో, చరిత్రకు చాలదు.

బాలకృష్ణప్రసాద్ 2025 మార్చి 9న తిరుపతిలోనే కన్నుమూశారు. ఆయన బాణీలు రోజూ వినబడుతూనే ఉన్నవి. కచేరీ కరపత్రాలలో మాత్రం పాట పక్కన రాగం, తాళం అని రెండు గడులే ఉంటాయి.