మేనత్త పోలిక

పిల్ల పుట్టగానే మన ఇళ్ళల్లో ముందు వెతికేది పోలిక. ముక్కు నాయనమ్మది, నుదురు మేనత్తది అంటూ మురిసిపోతాం. అదే పిల్లకు పదహారేళ్ళొచ్చి, పైపెదవి మీద నూగు నల్లబడి, గడ్డం కింద నాలుగు వెంట్రుకలు కనిపించాయనుకోండి, అది ఎవరి పోలికో చెప్పడానికి ఒక్కరూ ముందుకు రారు! తప్పంతా పిల్లదీ, కన్నతల్లిదీ అయి కూర్చుంటుంది.

మా విడపనకల్లు వైపు నల్లరేగడిలో శనగ పండుతుంది. శనగపిండిలో పసుపు, మీగడ కలిపి పసిపిల్లలకు నలుగు పెట్టడం అవ్వల నాటి అలవాటు. ఆడపిల్లకయితే ఇంకో నాలుగు రుద్దులు ఎక్కువే. పైన నూగు రాలుతుందేమో గానీ, ఒంట్లోని హార్మోన్లను నలుగుపిండి ఏం చేయగలదు చెప్పండి?

డాక్టర్లకు కూడా ఈ సంగతి ఒక్కరోజులో బోధపడలేదు. 1921లో ఫ్రాన్సులో అషార్, తియెర్ అనే ఇద్దరు గడ్డమొచ్చిన స్త్రీలలో చక్కెర జబ్బు గురించి రాశారు. 1935లో చికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే వైద్యులు ఏడుగురు స్త్రీల సంగతి ప్రకటించారు. వాళ్ళకు బహిష్టు సరిగా రాదు, అండాశయాలు ఉబ్బి ఉన్నాయి, కొందరికి ఒంటి మీద రోమాలు ఎక్కువ. అండాశయంలో కొంత భాగం కోసి తీసేస్తే బహిష్టు కుదుటపడింది, ఇద్దరు గర్భవతులయ్యారు. బాధపడింది ఆడవాళ్ళు, జబ్బుకు పేరు మాత్రం ఆ డాక్టర్లది! ఇప్పుడు దాన్నే పి.సి.ఓ.ఎస్. అంటున్నారు. నీటిబుడగలని మనం భయపడేవి నిజానికి ఎదుగుదల ఆగిపోయిన అండపుటికలు.

మగ హార్మోన్లు ఆడవాళ్ళ ఒంట్లోనూ కొద్దిగా ఉంటాయి. అవి ఎక్కువయినా, వెంట్రుకల కుదుళ్ళు వాటికి అతిగా స్పందించినా నూగు ముతకబారుతుంది. ఇందులో వంశం పాలు ఎంత? 2006లో డచ్చి శాస్త్రజ్ఞులు కవలలను పరిశీలించి, ఈ జబ్బు విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 70 శాతం జన్యువులదేనని లెక్క తేల్చారు. 2011లో చైనా శాస్త్రజ్ఞులు దీనితో సంబంధమున్న మూడు చోట్లను జన్యుపటంలో గుర్తించారు. ఏ ఒక్క జన్యువో కాదు, చాలా కలిస్తేనే ఈ జబ్బు. అవి తండ్రి వైపు నుంచీ రావచ్చు సుమండీ! మేనత్త పోలిక మాట ఇక్కడా వర్తిస్తుందన్నమాట.

ఇదేదో అరుదైన సంగతీ కాదు. 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ళ ఆడపిల్లలు 460 మందిని పరీక్షిస్తే, 42 మందిలో ఇది కనిపించింది. అంటే ప్రతి పదకొండు మందిలో ఒకరు! మరి ఆ పిల్లల్లో ఎందరు అద్దం ముందు ఒంటరిగా ఏడ్చి ఉంటారో!

పెళ్ళిచూపుల కోసమని బజారులో దొరికిన తెల్లబరిచే క్రీములు పూయించకండి. స్టెరాయిడ్ కలిసిన క్రీములతో కొత్త రోమాలు మొలవచ్చు. బహిష్టు తప్పుతుంటే డాక్టరుకు చూపించండి, చక్కెర పరీక్ష చేయించండి. రోమాలు హఠాత్తుగా పెరిగి గొంతు బొంగురుపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. డాక్టరు "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగితే మీ పుట్టింటి సంగతే కాదు, ఆయన వైపు వాళ్ళ సంగతీ చెప్పండి. నామోషీ అనుకుని దాచిపెడితే నష్టపోయేది పిల్లే.