Geyser Cleaning: గీజర్ ఆన్ చేస్తే 'టప్‌.. టప్‌' శబ్దం వస్తోందా? బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఈ పని తప్పనిసరి!

చలికాలం వచ్చిందంటే పటాన్‌చెరు పేరు వార్తల్లో ఉండాల్సిందే. ఇక్కడి ఇక్రిశాట్ దగ్గర ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోవడం కొత్తేం కాదు. దీంతో కర్దనూర్ నుంచి సంగారెడ్డి దాకా తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్లేవాళ్లు లేవగానే చేసే మొదటి పని.. గీజర్ స్విచ్ వేయడం. కానీ దాని లోపల ఏముందో ఎప్పుడైనా చూశారా?

విదేశాల్లో ఇల్లంతా వెచ్చబెట్టే సెంట్రల్ హీటింగ్ పైపులను అప్పుడప్పుడు కడిగిస్తారు. మనకు ఆ సిస్టమ్ లేదు కానీ, గీజర్‌కు కూడా అదే రూల్ వర్తిస్తుంది.

లోపల ఏం జరుగుతుంది?

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీళ్లు వేడెక్కగానే ఇవి సున్నంలా గట్టిపడి కాయిల్‌కు పట్టేస్తాయి. టీ గిన్నె అడుగున కనిపించే తెల్లటి పొర ఇదే. పొర మందమయ్యే కొద్దీ కాయిల్ వేడి నీళ్లలోకి సరిగా వెళ్లదు. దాంతో కాయిల్ విపరీతంగా వేడెక్కి, చివరికి పగులుతుంది. అప్పుడు కరెంటు నీళ్లలోకి లీకయ్యే ప్రమాదం ఉంది.

తాగునీటికి బీఐఎస్ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరక్కపోతే గరిష్ఠంగా 600 వరకు ఓకే. చాలామంది టీడీఎస్ మీటర్ చూసి లెక్క వేస్తారు. కానీ అది కరిగిన లవణాలన్నింటినీ కలిపి చూపిస్తుంది, కఠినత్వం ఒక్కదాన్నే కాదు. సబ్బు నురగ రావట్లేదంటే, నల్లాల మీద తెల్లటి మరకలు పడుతున్నాయంటే గీజర్‌లోనూ సున్నం పడుతున్నట్టే.

ఈ లక్షణాలు కనిపిస్తే జాగ్రత్త

* నీళ్లు వేడవుతుంటే టప్‌ టప్‌ మని శబ్దం రావడం
* వేడి నీళ్లు ముందుకంటే త్వరగా అయిపోవడం
* నల్లాలో తెల్లటి పొట్టు, లేదా ఎర్రటి తుప్పు నీళ్లు రావడం
* గీజర్ వేసిన ప్రతిసారీ ఎంసీబీ పడిపోవడం.. ఇలా జరిగితే మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇంట్లోనే ఇలా ఫ్లష్ చేయండి

1. స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, ఎంసీబీ కూడా దించాలి. నీళ్లు పూర్తిగా చల్లారే వరకు ఆగాలి.
2. గీజర్‌లోకి నీళ్లు వచ్చే వాల్వ్ కట్టేసి, బాత్రూమ్‌లో వేడి నీళ్ల నల్లా తెరవాలి. దీంతో లోపలి ప్రెషర్ తగ్గుతుంది, గాలి వెళ్లడానికి దారి దొరుకుతుంది.
3. కింద బకెట్ పెట్టి సేఫ్టీ వాల్వ్ లివర్ ఎత్తితే చాలా మోడళ్లలో నీళ్లు దిగిపోతాయి. లివర్ లేకపోతే ప్లంబర్‌తో ఇన్‌లెట్ పైపు విప్పించండి.
4. ఇన్‌లెట్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా తెరుస్తూ, కడుతూ కడగాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి.
5. లివర్ దించి ట్యాంక్ నింపండి. నల్లాలో గాలి లేకుండా నీళ్లు ధారగా వచ్చాకే కరెంటు ఇవ్వాలి. ఖాళీ ట్యాంక్‌తో ఆన్ చేస్తే కాయిల్ కాలిపోతుంది.

ఫ్లష్ చేస్తే అడుగున పేరుకున్న మడ్డి మాత్రమే పోతుంది. కాయిల్‌కు గట్టిగా పట్టిన సున్నం పోవాలంటే టెక్నీషియన్ దాన్ని బయటికి తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టాలి. అప్పుడే మెగ్నీషియం రాడ్ కూడా చూపించండి. ట్యాంక్‌కు తుప్పు పట్టకుండా ముందు తాను కరిగిపోయేది ఈ రాడే. అరిగిపోతే మార్చాల్సిందే. బాత్రూమ్ యాసిడ్ మాత్రం అస్సలు వాడొద్దు, లోహాన్ని తినేస్తుంది. బోరు నీళ్లయితే ఏడాదికోసారి, చలికాలానికి ముందే సర్వీసింగ్ చేయించడం మంచిది.

ఈ తప్పులు చేయొద్దు

సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని కొందరు దాన్ని మూసేస్తారు. నీళ్లు వేడెక్కేటప్పుడు కొన్ని చుక్కలు పడటం మామూలే. మూసేస్తే ప్రెషర్ పెరిగి ట్యాంక్ పేలొచ్చు.

2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎంసీబీ ఉందిగా అనుకోవద్దు. అది ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ అయితేనే పడుతుంది. మనిషికి షాక్ కొడితే కాపాడేది ఆర్‌సీసీబీయే.

2022 అక్టోబర్‌లో హైదరాబాద్ లంగర్‌హౌస్‌లో బాత్రూమ్ గీజర్ దగ్గర కరెంట్ షాక్‌తో యువ దంపతులు ప్రాణాలు కోల్పోయారు. అందుకే ఈ ఒక్క అలవాటు చేసుకోండి: నీళ్లు వేడయ్యాక గీజర్ ఆఫ్ చేసి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లండి. అద్దె ఇంట్లో ఉంటే ఎర్తింగ్, ఆర్‌సీసీబీ ఉన్నాయో లేదో ఓనర్‌ను ఇవాళే అడగండి.