అవ్యక్తమునకు వెల కట్టినవారు

జహీరాబాదునకు నైరుతి దిక్కున, సూటిగా కొలిచినచో సుమారు 70 కిలోమీటర్ల దూరమున, కాగిణా నది యొడ్డున మల్ఖేడు అను ఊరు కలదు. నేడది కర్ణాటక రాష్ట్రమున కలబురగి జిల్లాలోనిది. శిథిలమైన కోటయు, పురాతనమైన జైన బసదియు అచ్చట ఇప్పటికిని కానవచ్చును. తొమ్మిదవ శతాబ్దమున దాని పేరు మాన్యఖేటము. అది రాష్ట్రకూటుల రాజధాని. అచ్చటినుండి రాజ్యమేలిన అమోఘవర్ష నృపతుంగుడు క్రీ.శ. 814 ప్రాంతమునుండి 878 వరకు, అనగా అరువది సంవత్సరములకు పైగా, సింహాసనమున నుండెను. కన్నడమున మనకు లభించిన గ్రంథములలో మొదటిదైన కవిరాజమార్గము ఆ కొలువునందే పుట్టినది. ఆ రాజునే స్తుతించుచు ఆరంభమైన మరియొక గ్రంథము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. క్రీ.శ. 850 ప్రాంతమున వెలసిన ఆ సంస్కృత గ్రంథమునుండియే ఈ ప్రసంగము మొదలగుచున్నది.

జహీరాబాదు పాఠశాలలలో నేడు సమీకరణములు నేర్చుకొను పిల్లలకు “ఎక్స్ విలువ యెంత?” అను ప్రశ్న ఏదో దూరదేశమునుండి వచ్చి పడిన ఆపదవలె తోచును. అక్షరమునకు విలువ యేమిటని తికమకపడని బాలుడు అరుదు. కాని ఆ ప్రశ్న వారి పొరుగూరి ప్రశ్నయే. అది ఈ నేలమీద ఏయే భాషలలో అడుగబడినదో, ఎవరికి అందినదో, ఎవరికి అందలేదో కొంచెము విచారింతము.

మహావీరుని లెక్కలలో ఒకటి యిట్టిది. ఒక స్తంభమున ఎనిమిదవ పాలు మట్టిలోను, మూడవ పాలు నీటిలోను, నాలుగవ పాలు నాచులోను మునిగియున్నది. పైకి కనబడునది ఏడు మూరలు. స్తంభము మొత్తము పొడవెంత? ఎనిమిదవ పాలు, మూడవ పాలు, నాలుగవ పాలు కలిపినచో ఇరువదినాలుగింట పదునేడు పాళ్లగును. మిగిలిన ఏడు పాళ్లే ఏడు మూరలు. కావున స్తంభము 24 మూరలు. ఇందు ఎక్స్ లేదు, సమతా చిహ్నము లేదు. కనబడుదానినుండి కనబడనిదానిని పట్టుకొను యుక్తి మాత్రము సంపూర్ణముగా నున్నది. నేటి పాఠ్యపుస్తకము దీనినే ఏకఘాత సమీకరణ మనును.

మరియొక లెక్క అంగడికి సంబంధించినది. తొమ్మిది మాదీఫలములు, ఏడు వెలగపండ్లు కలిపి 107 నాణెములు. ఏడు మాదీఫలములు, తొమ్మిది వెలగపండ్లు కలిపి 101. ఒక్కొక్క పండు వెల యెంత? ఆచార్యుని సూత్రము ప్రకారము పెద్ద మొత్తమును పెద్ద సంఖ్యచేతను, చిన్న మొత్తమును చిన్న సంఖ్యచేతను గుణింపవలెను. అనగా 107ను తొమ్మిదిచేత గుణింపగా 963. 101ని ఏడుచేత గుణింపగా 707. భేదము 256. దీనిని తొమ్మిది, ఏడుల వర్గముల భేదమగు 32చేత భాగింపగా ఎనిమిది వచ్చును. అది మాదీఫలము వెల. మొత్తములను తారుమారుగా గుణించి ఇట్లే చేయగా వెలగపండు వెల అయిదగును.

ఈ సూత్రమును వల్లెవేసినవానికి జవాబు వచ్చును గాని, ఎందుకు వచ్చెనో సూత్రము చెప్పదు. మొదటి బేరమును తొమ్మిది మారులును, రెండవ బేరమును ఏడు మారులును చేసితిమని అనుకొనుడు. రెంటియందును వెలగపండ్లు అరువదిమూడే అగును. ఒకదానినుండి ఒకటి తీసివేయగా వెలగపండ్లు పూర్తిగా పోయి, 32 మాదీఫలముల వెల మాత్రము మిగులును. రెండు అవ్యక్తములలో ఒకదానిని తొలగించుట అనగా నింతే. ఈ నాలుగు మాటలు చెప్పిన గురువు శిష్యునకు గణితము నేర్పినవాడు. సూత్రము మాత్రమే అప్పజెప్పించుకొన్నవాడు ఛందస్సు నేర్పినవాడు.

మహావీరునకు పూర్వమే ఈ విద్యకు పునాదులు పడినవి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున, ఇరువురి సంపద సమానమైనపుడు తెలియని వస్తువు వెలను కనుగొను సూత్రము కలదు. 628లో బ్రహ్మగుప్తుడు తెలియని రాశిని అవ్యక్తమనియు, కలిమిని సూచించు సంఖ్యను ధనమనియు, అప్పును సూచించు సంఖ్యను ఋణమనియు వ్యవహరించెను. 1150లో భాస్కరాచార్యుడు తన బీజగణితమున మొదటి అవ్యక్తమునకు యావత్తావత్తని పేరిడి, తక్కినవానికి కాలకము, నీలకము, పీతకమని రంగుల పేర్లు పెట్టెను. ఎక్స్, వై అనుటకంటె నలుపు, నీలము, పసుపు అనుట బాలునకు ఎక్కువ ప్రియముగా నుండునని నా యభిప్రాయము.

ఇదంతయు సంస్కృతము. రైతు బిడ్డకు, కోమటి బిడ్డకు అది అందుట యెట్లు? ఆ పని తెలుగున పావులూరి మల్లన చేసెను. మహావీరుని గ్రంథమును ఆతడు సారసంగ్రహ గణితమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. రాజరాజ నరేంద్రుని కాలమువాడని కొందరు, తరువాతి కాలమువాడని కొందరు పండితులు వాదింతురు. ఎట్లయినను తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో ఇది యొకటి. మల్లన మక్కికి మక్కి అనువదింపలేదు. కొంత కుదించెను, జైన సంబంధమైన ఉదాహరణములకు మారుగా శైవ సంబంధమైనవి నిలిపెను. మతము మారినను లెక్క మారలేదు. సంస్కృత మూలమును ఎం. రంగాచార్యులు పరిష్కరించి ఇంగ్లీషు అనువాదముతో మద్రాసున అచ్చు వేయించినది 1912లో. అంతకు ఎన్నియో శతాబ్దములకు ముందే ఆ విద్య తెలుగు పద్యమై “పావులూరి గణిత”మను పేర ప్రసిద్ధి కెక్కినది.

మాన్యఖేటమున మహావీరుడు లెక్కలు కట్టుటకు ఒక తరము ముందు, బాగ్దాదు నగరమున అల్ ఖ్వారిజ్మీ అను పండితుడు అరబ్బీ భాషలో ఒక గ్రంథము రచించెను. దాని పేరులోని “అల్ జబ్ర్” అను మాటయే ఇంగ్లీషున ఆల్జీబ్రా అయినది. విరిగిన ఎముకను కూర్చుటకు కూడ జబ్ర్ అనియే పేరు. ఒక పక్షమున తీసివేతగా నున్న రాశిని రెండవ పక్షమున కూడికగా చేర్చి విరుగును సరిచేయుట జబ్ర్. రెండు పక్షములందును ఉన్న సజాతి రాశులను ఎదురెదురుగా నుంచి కొట్టివేయుట ముఖాబలా. నేటి బాలుడు “ఇటునుండి అటు పోయినచో గుర్తు మారును” అని వల్లించు సూత్రమంతయు ఈ రెండు మాటలలో నున్నది. క్రీ.శ. 851 నాటి అరబ్బుల వృత్తాంతమొకటి రాష్ట్రకూట రాజును “బల్హరా” యని పేర్కొని, లోకమునందలి నలుగురు మహారాజులలో ఒకనిగా లెక్కించెను. వర్తకులకు ఒకరినొకరు తెలియును. ఆ గణితము ఈ గణితమునుండి వచ్చినదనిగాని, ఇది దానినుండి వచ్చినదనిగాని చెప్పుటకు మాత్రము అది ఆధారము కాదు.

ఆ అరబ్బు శాఖ ఈ సీమకు వేరుదారిని వచ్చినది. జహీరాబాదునకు చేరువనే యున్న బీదరునందు మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసా నేటికిని నిలిచియున్నది. భాస్కరుని లీలావతిని 1587లో ఫైజీ పారసీకమునకు మార్చగా, ఆతని బీజగణితమును షాజహాను కాలమున అతాఉల్లా రుష్దీ మార్చెను. ఇట్లు సంస్కృతము పారసీకమై, ఆ పారసీకము మదరసాలలో అరబ్బీ గణితము సరసన నిలిచినది.

నిజాము రాజ్యమున ఉన్నత పాఠశాలలందు ప్రధానముగా ఉర్దూయే బోధనభాష. 1917లో నెలకొల్పిన దారుత్తర్జుమా అను అనువాద సంస్థ, మరుసటి యేడు స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు గణితమును సైతము ఉర్దూలోనికి తెచ్చినది. ఉన్నతవిద్యను దేశభాషలో చెప్పవచ్చునని నిరూపించిన ఆ సాహసము మెచ్చదగినది. కాని జహీరాబాదు పల్లెలోని తెలుగు బాలునకు అది దేశభాషయే గాని ఇంటిభాష కాదు. బీజగణితము వానికి “జబ్ర్ వ ముఖాబలా”, సమీకరణము “ముసావాత్”. లెక్కకు ముందు మాట నేర్వవలసి వచ్చెను. లెక్క రానివానికిని మాట రానివానికిని పరీక్షలో సున్నయే గదా! 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయములను తెలుగున ప్రకటింప పూనుకొన్నను, పాఠశాల పలకమీదికి తెలుగు లెక్క రాజభాషగా ఎక్కలేదు.

అప్పుడు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1న రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు బీదరు మైసూరు రాష్ట్రమునకు పోగా, జహీరాబాదు ఆంధ్రప్రదేశమున మెదకు జిల్లాలో చేరెను. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడగా, 2016నుండి అది సంగారెడ్డి జిల్లాలోనిది. 1968లో స్థాపించిన తెలుగు అకాడమి తెలుగున పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదములను సిద్ధపరచినది. ఇట్లు అవ్యక్తము, చరరాశి, సమీకరణము అను మాటలు తొమ్మిది వందల యేండ్ల పిమ్మట మల్లన భాషలో మరల ఇల్లు చేరినవి. ఇపుడు ఇంగ్లీషు మాధ్యమము వ్యాపించుచుండగా అవి మరల గడప దాటుచున్నవి.

ఇంతవరకు చెప్పినది సమానత కథ. అసమానత కథ వేరు. “ఇంతకు తక్కువ గాకుండ”, “అంతకు మించకుండ” అను మాటలు లేక సంసారము నడువదు. పస్తాపురము మొదలైన జహీరాబాదు పల్లెలలో ఒకే చేనున జొన్న, కంది, అనుములు మొదలైన పంటలను కలిపి విత్తు స్త్రీలు ప్రతి యేడును ఇట్టి లెక్కయే వేయుదురు: చేను ఇంతకు మించి లేదు, తిండిగింజ ఇంతకు తగ్గరాదు. అయినను ప్రాచీనులు సమీకరణమునకు రచించినన్ని సూత్రములు అసమీకరణమునకు రచింపలేదు. సమతా చిహ్నమును 1557లో రాబర్టు రికార్డు అచ్చున ప్రవేశపెట్టగా, హెచ్చుతగ్గుల చిహ్నములు 1631లో, థామస్ హారియట్ మరణించిన పదేండ్లకు, ఆతని గ్రంథమున వెలువడినవి. 1820 తరువాత ఫ్రెంచి పండితుడు ఫూరియే, 1939లో రష్యాలో కాంటొరోవిచ్, 1947లో అమెరికాలో డాంట్జిగ్ ఈ హద్దుల లెక్కను గొప్ప శాస్త్రముగా పెంచిరి. ఉన్నవనరులతో అత్యధిక ఫలము పొందుట యెట్లని కర్మాగారములు నేడు అడుగు ప్రశ్నకు జవాబు అందులోనిదే.

పిల్లలు ఇక్కడ తొట్రుపడు చోటు ఒక్కటే: ఋణసంఖ్యచేత గుణించినను భాగించినను హెచ్చుతగ్గుల గుర్తు ఎందుకు తిరుగబడును? బ్రహ్మగుప్తుని మాటలే ఇందుకు దివిటీ. అయిదు రూపాయల ధనము గలవాడు రెండు రూపాయల ధనము గలవానికంటె కలవాడు. అయిదు రూపాయల అప్పు గలవాడో, రెండు రూపాయల అప్పు గలవానికంటె లేనివాడు. ధనమును ఋణము చేసినంతనే వరుస తలక్రిందులైనది. బావిలో ఇరువది మూరల నీరున్నది. వేసవిలో నెలకు మూడు మూరలు తగ్గును. అయిదు మూరలకు తగ్గరాదు. ఎన్ని నెలలు గడుపవచ్చును? ఇరువదినుండి నెలల మూడురెట్లు తీయగా అయిదు గాని, ఎక్కువ గాని మిగులవలెను. ఇరువదిని అవతలికి పంపగా, ఋణ మూడురెట్లు ఋణ పదునైదుకు తగ్గరాదని తేలును. ఋణ మూడుచేత భాగించునపుడు గుర్తు తిరుగును: నెలలు అయిదుకు మించరాదు. గుర్తు త్రిప్పుట మరచినవాడు అయిదు నెలలకు తగ్గరాదని చెప్పి బావి నెండగట్టును.

ఈ రెండు విద్యలను కలుపు లెక్కయొకటి మహావీరునియందే కలదు. దారిలో ముగ్గురు వర్తకులకు ఒక సంచి కనబడెను. ఈ సంచి నాదైనచో మీ యిద్దరి సొమ్మునకు రెట్టింపు గలవాడ నగుదునని మొదటివాడు, మూడు రెట్లని రెండవవాడు, అయిదు రెట్లని మూడవవాడు పలికిరి. సంచితో సహా మొత్తము సొమ్మును ఇరువదినాలుగు పాళ్లనుకొనుడు. మొదటివాడు తప్ప తక్కిన యిద్దరిది మొత్తమున మూడవ వంతు, అనగా ఎనిమిది పాళ్లు. అట్లే రెండవవాడు తప్ప తక్కినవారిది నాలుగవ వంతు, అనగా ఆరు పాళ్లు. మూడవవాడు తప్ప తక్కినవారిది ఆరవ వంతు, అనగా నాలుగు పాళ్లు. వీనిని కలిపి సగము చేయగా ముగ్గురిది తొమ్మిది పాళ్లు. సంచిలోనివి పదునైదు పాళ్లు. విడివిడిగా వర్తకులవి వరుసగా ఒకటి, మూడు, అయిదు.

కాని సమీకరణములు ఇచ్చినవి పాళ్లే, నాణెములు కావు. సంచిలో 15 ఉండవచ్చును, 30 ఉండవచ్చును, 1,500 ఉండవచ్చును. మొదటి వర్తకుని చేతిలోనివి పూర్తి నాణెములే అనియు, సంచిలో నూటికి మించి లేవనియు హద్దు పెట్టినచో, 15, 30, 45, 60, 75, 90 అను ఆరు జవాబులు మాత్రము నిలుచును. రెండవ వర్తకుని యొద్ద పదింటికి పైగా నాణెములున్నవని ఎవరైన చూచి చెప్పినచో మొదటి మూడును తొలగిపోవును. సంచిలో 60గాని, 75గాని, 90గాని యుండవలెను.