శూన్య గర్భాలయము – హంపీ క్షేత్రమున చరిత్ర దర్శనము



తీర్థయాత్రకు బయలుదేరునప్పుడు గుడి తలుపులు ఏ వేళకు తెరతురో మనమందరము ముందుగా విచారింతుము. అదే ఊరిలోని పురావస్తు ప్రదర్శనశాల ఏ వేళకు తెరతురో విచారించువారు అరుదు. స్వామి దర్శనమైనది, ప్రసాదము పుచ్చుకొంటిమి, ఇక బస్సు ఎక్కుటయే మన అలవాటు. సత్సంగ సభ్యులతో కలసి హంపీలో మూడు దినములు గడపిన పిమ్మట ఈ అలవాటును గూర్చి మేము ఆలోచింపవలసి వచ్చినది.

హంపీ తుంగభద్రా తీరమందలి పంపాక్షేత్రము. విజయనగర రాజ్యము 1336లో ఏర్పడినదని సంప్రదాయము చెప్పుచున్నది. విరూపాక్షస్వామి అంతకు పూర్వమే అచ్చట పూజలందుకొనుచుండెను. సంగమ వంశపు రాజులు ఆ పాత దేవునే తమ ఏలికగా భావించి, శాసనముల చివర తమ పేరు కాక 'శ్రీ విరూపాక్ష' అను ఆయన నామమునే వ్రాలుగా చెక్కించిరి. రాజ్యము స్వామిది, మేము ఆయన పక్షమున పాలించువారము అని దాని భావము. 1509లో రాజ్యమునకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భమున ఆ ఆలయమునకు రంగమండపము నిర్మింపజేసెను. 1510 నాటి శాసనశిల నేటికిని ఆ మండపము ఎదుట నిలిచియున్నది. దానిముందు నిలిచి ఫొటోలు తీసుకొనువారు పలువురు. అది ఏమని అడిగినవారు మాకు కనబడలేదు.

రెండవ దినమున కమలాపురములోని ప్రదర్శనశాలకు వెళ్లితిమి. అచ్చట కొండలు, నది, కోటగోడలు, ఆలయములతో కూడిన హంపీ నమూనా ఒకటి కలదు. ఎండలో తిరిగి అలసిన కాళ్లకు అర్థము కాని నగర స్వరూపము దానిని చూచినంతనే అర్థమగును. దేవేరులతో కూడిన రాయల ప్రతిమయు అచ్చట కలదు. తిరుమలలో మహాద్వారము దాటగానే తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడి చేతులు జోడించి నిలిచిన రాయల లోహప్రతిమలను మనమెరుగుదుము. ఏడుమార్లు ఏడుకొండలెక్కిన ఆ భక్తుని రాజధానియందు మనము నిలిచితిమను స్ఫురణ అప్పుడు కలిగినది.

అటుపిమ్మట హేమకూటమునకు దక్షిణముగా నున్న కృష్ణాలయమునకు పోతిమి. 1514లో రాయలు గజపతుల అధీనమందున్న ఉదయగిరి దుర్గమును జయించెను. అది నేటి నెల్లూరు సీమలోనిది. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును రాజధానికి తెచ్చి, ఈ ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠించెను. ఆ వృత్తాంతమును తెలుపు శాసనము ఆలయమందే కలదు. తూర్పు గోపురముపై యుద్ధమునకు కదలిన సైనికుల గారబొమ్మలు కలవు. గర్భాలయములో మాత్రము స్వామి లేడు. పీఠము శూన్యము. ఆ విగ్రహము నేడు చెన్నపట్టణమున ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్నది.

మాతో వచ్చిన వృద్ధురాలొకరు ఆ శూన్యపీఠమునకు నమస్కరించి, “స్వామి లేని గుడికి దణ్ణము పెట్టవచ్చునా నాయనా? గుడి లేని స్వామికి మ్యూజియంలో దణ్ణము పెట్టవచ్చునా?” అని అడిగిరి. మాకు వెంటనే సమాధానము తోచలేదు.

సామాన్యముగా అంగభంగమైన మూలబింబమునకు అర్చనను ఆగమములు అంగీకరింపవు. కావున ప్రదర్శనశాలలోని విగ్రహమునకు పుష్పము, నైవేద్యము అవసరము లేదు. కాని నమస్కారమునకు ఆగమ నిషేధమేమున్నది? ఒకనాడు ఎందరో తల్లులు బిడ్డల క్షేమమునకై మ్రొక్కిన మూర్తి అది. ఆ మ్రొక్కులకు నమస్కరింతుము. మరియొక సంగతియు దాచరాదు. ఆ బాలకృష్ణుడు హంపీకి వచ్చినది యుద్ధవిజయ చిహ్నముగా. ఇచ్చటి పీఠము శూన్యమైనదని దుఃఖించు మనము, అంతకు పూర్వము ఉదయగిరిలో ఒక పీఠము శూన్యమైనదని మరువరాదు. చరిత్రను చదువుట యనగా మనకు ప్రియమైన భాగమును మాత్రమే చదువుట కాదు.

1565 జనవరిలో రక్కసి–తంగడి యుద్ధమున అళియ రామరాయలు హతుడయ్యెను. తిరుమలరాయలు పెనుగొండకు తరలిపోయెను. రాజధాని నెలల తరబడి దోపిడికి లోనై పాడుపడెను. 1528లో ఏకశిలయందు మలచిన ఉగ్రనరసింహుని అంకమున నేడు లక్ష్మీదేవి లేదు. స్వామిని చుట్టిన ఆ తల్లి హస్తము మాత్రము ఆయన వీపున మిగిలియున్నది. అచ్యుతరాయల కాలమున, 1534లో వెలసిన తిరువెంగళనాథుని ఆలయమందు వేంకటేశ్వరుడు లేడు. విఠ్ఠలాలయపు రాతిరథము 2017 నుండి యాభై రూపాయల నోటుపై మన జేబులలో తిరుగుచున్నది. గర్భాలయమున విఠ్ఠలుడు లేడు. విరూపాక్షుని సన్నిధిలో మాత్రము నేటికిని దీపము వెలుగుచున్నది. రాతి పనితనమున ఆ ఆలయము తక్కినవానికంటె గొప్పది కాకపోవచ్చును. కాని నిత్యము తలుపు తీయువాడు, వత్తి వేయువాడు, వచ్చి నిలుచువాడు ఉన్నందున అది ఆలయముగా నిలిచినది.

హంపీ 1986లో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినది. దాని రక్షణకు ప్రభుత్వ శాఖలు కలవు. మన గ్రామములోని గుడికి ఎవరున్నారు? జీర్ణోద్ధరణ పేరిట శాసనశిలలపై సున్నము పూయుట, రంగులు వేయుట, పాత స్తంభములను పారవేసి చలువరాళ్లు పరచుట మనమే చేయుచున్నాము. శత్రువు చేసినదానికి దుఃఖింతుము. భక్తితో మనము చేసినది మన కంటికి కనబడదు. ఆ శిలపై ఒక రైతు స్వామికి దీపమునకై ఇచ్చిన పొలము లెక్క ఉండవచ్చును. సున్నము క్రింద అతని పేరును పూడ్చుట పుణ్యమెట్లగును?

కావున క్షేత్రమునకు పోయినప్పుడు దర్శనానంతరము ఒక పూట ప్రదర్శనశాలకు కేటాయింపుడు. పిల్లలను వెంట తీసుకొనిపొండు. సంగీత స్తంభములను తట్టకుడు. శిల్పములకు నూనె, కుంకుమ పూయకుడు. తిరిగి వచ్చిన పిదప మన గుడి గోడపైని అక్షరములను ఒకమారు తడిమి చూడుడు. వానిని చదువగలవారిని పిలిపించి, వ్రాయించి భద్రపరుపుడు. అదియు కైంకర్యమే.

శుభం భూయాత్.