గోదారి ఇసుక బొగ్గు గనిలోకి వెళ్ళిన కథ

మన ఆత్రేయపురంలో ఇసుక అంటే ఇల్లు కట్టుకోడానికే అనుకుంటాం కదండీ. ఎగువన సింగరేణిలో దానికి ఇంకో పని ఉంది.

1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని విలియం కింగ్ అనే దొర కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గు తీసేసిన చోటు ఖాళీగా వదిలేస్తే కప్పు కూలి పైన నేల కుంగుతుంది, మిగిలిన బొగ్గు దానంతటదే అంటుకుంటుంది. అందుకని చాలా గనుల్లో గోదారి ఇసుకని నీళ్ళతో కలిపి గొట్టాల్లో లోపలికి పంపి నింపుతూ వచ్చారు. నీళ్ళు తోడేస్తే ఇసుక గట్టిగా కూర్చుని కప్పుని మోస్తుంది.

కానీ ఏటి కింద నీళ్ళు దాచిపెట్టేది కూడా ఆ ఇసుకే. అది పోతే ఒడ్డున బోర్లు ఎండుతాయి. ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనుల్లో తీసి పోసిన పైమట్టి నుంచే ఇసుక చేసి సింగరేణి వాడుతోంది.

పొలంలో గొయ్యిని తీసిన మట్టితోనే పూడుస్తాం కదండీ. గనికైనా అంతే.