మందుకు లొంగని ల్యుకేమియా: కణ సంకేతాల పాత్ర

ల్యుకేమియా కణాల్లో కొన్ని కీమోథెరపీని తట్టుకుని మిగిలిపోతాయి. జబ్బు తిరగబెట్టేది వాటి వల్లే. సైటరబిన్, డానోరూబిసిన్ లాంటి మందులు కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్నాక చావాలా, మరమ్మతు చేసుకుని బతకాలా అన్నది మాత్రం కణం తనకు అందే సంకేతాలను బట్టి తేల్చుకుంటుంది.

సంకేతాలతో పని లేని ప్రతిఘటన కూడా ఉంది, ముందు కనబడింది అదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనకు సారథ్యం వహించిన కాలంలో అక్కడ ఎమినోప్టెరిన్ అనే మందు తయారైంది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది, కానీ నిలవలేదు. ఆ తగ్గుదల తాత్కాలికమని వ్యాసం శీర్షికలోనే చెప్పడం ఫార్బర్ నిజాయితీ. దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను కణాలు లోపలికి రానివ్వడం తగ్గించి, లేదా అది అడ్డుకునే ఎంజైమును ఎక్కువగా తయారుచేసి తప్పించుకుంటాయి.

సంకేతాల పాత్ర తేటగా కనిపించేది క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాలో. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీను పుడుతుంది. ఆపడానికి వీల్లేని స్విచ్ లాగా అది కణాన్ని విభజించుకోమంటూనే ఉంటుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ దాన్ని ఆపుతుంది. ఇది పాత అర్థంలో కీమో కాదు, సంకేతానికే గురిపెట్టిన మాత్ర. గ్లీవెక్ పేరుతో నెలకు లక్ష రూపాయలు దాటిన ఈ మందును హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీ 2003లో వీనాట్ పేరుతో అందులో చిన్న వంతు ధరకే తెచ్చింది. గ్లీవెక్‌కు పేటెంటు కోరిన వాదనను భారత సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది.

చవకైనా ఖరీదైనా మందు ఓడిపోయే చోటు ఒకటుంది. ప్రోటీనులో 315వ స్థానంలోని థ్రియొనిన్‌తో ఇమాటినిబ్ హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది. అక్కడికి ఐసోల్యూసిన్ వస్తే బంధం తెగుతుంది, చోటూ ఇరుకవుతుంది. టీ315ఐ అనే ఈ ఒక్క మార్పుకు డాసటినిబ్, నిలోటినిబ్ కూడా పనిచేయవు. పొనాటినిబ్ పనిచేస్తుంది. ప్రోటీను మారకుండానే లిన్ వంటి వేరే కైనేజుల (సంకేతాలు పంపే ఎంజైముల) ద్వారా సంకేతం నడిపించుకునే కణాలూ ఉన్నాయి.

అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా ఇంత సూటిగా ఉండదు. ఎఫ్ఎల్‌టీ3 జన్యువులో మార్పు ఒక దారి, రాస్ జన్యువుల్లో మార్పు మరో దారి. వీటికి తోడు మూలుగలోని కణాలు విడుదల చేసే సీఎక్స్‌సీఎల్12 అనే సంకేత ప్రోటీను ల్యుకేమియా కణాలను ఆ మూలుగ కణాల దగ్గరకు లాగుతుంది. ఆ చాటున ఏకేటీ అనే సంకేత మార్గం చురుగ్గా ఉండి, చావును అడ్డుకునే బీసీఎల్-2, ఎంసీఎల్-1 ప్రోటీన్లు పెరుగుతాయి. వెనెటోక్లాక్స్ అనే మందు బీసీఎల్-2ను అడ్డుకున్నా, కణం ఎంసీఎల్-1 మీద ఆధారపడి బతకగలదు.

అయితే తప్పు ఎప్పుడూ కణానిదే కాదు. ఇమాటినిబ్ పనిచేయడం లేదనిపిస్తే జన్యుపరీక్ష కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండు: మాత్రలు రోజూ వేసుకుంటున్నారా? క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నారా? రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను పెంచి, రక్తంలో ఇమాటినిబ్ స్థాయిని బాగా తగ్గించేస్తుంది.